ముప్పై ఎనిమిదో ఏట ప్రపంచ విజేత: రోడ్డు సైక్లిస్టు ఇరవై ఏళ్లు ఎలా నిలబడతాడు?

2018 సెప్టెంబరు 30, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్. ఆరున్నర గంటలకు పైగా పెడల్ తొక్కి, 258 కిలోమీటర్ల కొండదారిని దాటాక ప్రపంచ రోడ్డు సైక్లింగ్ టైటిల్ రేసులో నలుగురే మిగిలారు. స్పెయిన్ రైడర్ అలెహాండ్రో వాల్వెర్డే, ఫ్రాన్స్ నుంచి రొమాన్ బార్డే, కెనడా నుంచి మైకేల్ వుడ్స్ ముందున్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ డ్యుమూలన్ ఆఖర్లో వెనక నుంచి తరుముకొచ్చి వారిని కలిశాడు. కాసేపటి క్రితమే వాళ్లు దాటొచ్చిన చివరి కొండలో ఒకచోట వాలు 28 శాతం. అంటే వంద మీటర్లు ముందుకు సాగితే 28 మీటర్లు పైకి లేచే దారి. సైకిల్ దిగి నెట్టుకుంటూ నడవడానికే ఆయాసం వచ్చే చోటు అది.

వాల్వెర్డే వయసు అప్పటికి 38. బార్డే, డ్యుమూలన్ 1990 నవంబరులో రెండు రోజుల తేడాతో పుట్టినవారు. ఇద్దరికీ ఇంకా 28 నిండలేదు. పైగా ముగింపు పరుగులో ముందుండాల్సిన దురవస్థ వాల్వెర్డేకే పట్టింది. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకున్నవాడు ఆ చాటున ఊపిరి దాచుకుని చివరి క్షణంలో దూసుకుపోతాడు. అందుకే ఆ స్థానం ఎవరికీ ఇష్టం ఉండదు. వాల్వెర్డే పదేపదే మెడ తిప్పి వెనక్కి చూశాడు, సుమారు 300 మీటర్లు ఉండగా జీనుపై నుంచి లేచాడు. అంత దూరం నుంచి ముందుండి లాగితే చివర్లో కాళ్లు బిగుసుకుపోవాలి. అలా జరగలేదు. ఎవరూ ఆయన పక్కకు కూడా రాలేకపోయారు.

పోటీ ముగిశాక ఆయన మెడలో పతకం వేసింది అంతకు ముందు వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన పీటర్ సగాన్. సగాన్ కూడా 1990లోనే పుట్టాడు. ఆ తర్వాత జరిగింది గమనించండి. డ్యుమూలన్ 2022 ఆగస్టులో, 31 ఏళ్లకే, సైక్లింగ్‌కు స్వస్తి చెప్పాడు. సగాన్ 2023లో రోడ్డు రేసులు వదిలేశాడు. వాల్వెర్డే మాత్రం డ్యుమూలన్ వెళ్లిపోయిన రెండు నెలల వరకూ, 42 దాటిన వయసులో, యూరప్‌లోని అత్యంత కఠినమైన రేసుల్లో మొదటి పదిమందిలో నిలుస్తూనే ఉన్నాడు.

ఇందులో చిక్కుముడి ఏమిటంటే, అందరికీ తోచే సమాధానాలేవీ పూర్తిగా సరిపోవు. అసాధారణమైన శరీరం అందాం. డ్యుమూలన్ శరీరం ఏమన్నా తక్కువదా? అనుభవం అందాం. అనుభవం ఉన్న వందలమంది 34 ఏళ్లకే ఇంటికి వెళ్లిపోయారు. మందులు అందాం. వాల్వెర్డే చరిత్రలో ఆ అధ్యాయం ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు, కాసేపట్లో వస్తాను. కానీ 2018 నాటి పరుగును అదొక్కటే వివరించలేదు. నా దృష్టిలో ఈ క్రీడలో దీర్ఘ ప్రస్థానం అంటే ఒకే మనిషి ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగైదు వేర్వేరు ఉద్యోగాలు చేయడం. ప్రతి మలుపులోనూ పాత ఉద్యోగాన్ని వదులుకోగలిగినవాడే మిగులుతాడు. ఆ మలుపులేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

గాలితో బేరం

రోడ్డు రేసు అర్థం కావాలంటే ముందు గాలి అర్థం కావాలి. చదునైన దారిలో వేగంగా పోయే సైక్లిస్టు తన శక్తిలో అత్యధిక భాగం గాలిని పక్కకు నెట్టడానికే ఖర్చు చేస్తాడు. ఒక్కరి వెనక ఒదిగితేనే ఆ ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. వందమందికి పైగా ఉన్న గుంపు నడిబొడ్డున అయితే గాలి నిరోధం ఒంటరిగా తొక్కేటప్పటితో పోలిస్తే పదో వంతుకు కూడా పడిపోవచ్చు. సైక్లింగ్ భాషలో పెలోటన్ అనే ఆ గుంపు ఒక పొదుపు ఖాతా లాంటిది. ఎవరు ఎంత దాచుకున్నారో చివరి అరగంటలో తెలుస్తుంది.

కుర్రవాడికి కాళ్లలో బలం ఉంటుంది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియదు. దారి ఎడమకు తిరగగానే పక్కగాలి తగులుతుందని, ఊరు దాటాక రోడ్డు ఇరుకవుతుందని, ఆ ఇరుకులో అరవయ్యో స్థానంలో ఉన్నవాడు బ్రేకు వేసి మళ్లీ వేగం అందుకోవడానికి నానా తంటాలు పడతాడని పాతికసార్లు అదే రేసు తొక్కినవాడికి ముందే తెలుసు. ఆ మలుపు రాకముందే తొందరపడకుండా పదిహేనో స్థానానికి జరుగుతాడు. అలా ఒక రేసులో యాభై అరవై సందర్భాలు వస్తాయి. ఒక్కోసారి మిగిలేది కొద్దిపాటి శక్తే. అన్నీ కలిస్తే ఆరో గంటలో ఒక కొండ ఎక్కడానికి సరిపడా మిగులుతుంది. అనుభవం అనే మాటను చాలా క్రీడల్లో గౌరవార్థం వాడతారు. ఇక్కడ దాన్ని వాట్లలో కొలవవచ్చు.

ఇంజిన్‌లో ఏది అరుగుతుంది, ఏది అరగదు

ఓర్పు క్రీడాకారుడి సామర్థ్యాన్ని శాస్త్రవేత్తలు ప్రధానంగా మూడు ముక్కలుగా చూస్తారు. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నది మొదటిది. ఇంజిన్ పరిమాణం అనుకోవచ్చు. ఆ గరిష్ఠంలో ఎంత శాతాన్ని గంటల తరబడి నిలబెట్టుకోగలడన్నది రెండోది. అదే శక్తితో ఎంత పని రాబట్టగలడన్నది, అంటే పొదుపు, మూడోది.

వయసు మొదటిగా దెబ్బ కొట్టేది ఇంజిన్ పరిమాణం మీద. గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం ఏటేటా కొద్దికొద్దిగా తగ్గుతుంది, దాన్ని ఏ సాధనా ఆపలేదు. సాధారణ మనుషుల్లో ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం పాతికేళ్లు దాటాక దశాబ్దానికి సుమారు పది శాతం తగ్గుతుందని అంచనా. కఠిన సాధన మానని వారిలో ఆ తగ్గుదల చాలా నెమ్మదిగా ఉంటుంది. రెండో, మూడో ముక్కలు మాత్రం నలభై దగ్గర కూడా పెద్దగా చెక్కుచెదరవు. ఏళ్ల తరబడి లక్షల కిలోమీటర్లు తొక్కిన కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు దట్టంగా అల్లుకుంటాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే నేర్పు ముదురుతుంది. అందుకే ఐదు నిమిషాల పోటీలో కుర్రవాడిదే పైచేయి అయినా ఆరు గంటల పోటీలో లెక్క మారిపోతుంది. ఆరో గంటలో తేల్చేది ఎవరి గరిష్ఠం ఎంత అన్నది కాదు, ఎవరి గరిష్ఠం ఎంత తక్కువగా కరిగింది అన్నది.

ఇంకో మాట. పరుగులో ప్రతి అడుగూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బను మోకాళ్లకు పంపుతుంది. సైకిల్‌పై ఆ దెబ్బ లేదు. కీళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. దీనికి చెల్లించే మూల్యం వేరే చోట ఉంది. దెబ్బ తగలని ఎముక గట్టిపడదు కాబట్టి రోడ్డు సైక్లిస్టుల ఎముకల సాంద్రత తక్కువగా ఉంటుంది. ఆ బలహీనమైన ఎముకలతోనే వాళ్లు గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో కింద పడతారు.

తిరిగి కోలుకోవడం వయసుతో పాటు కష్టమవుతుందన్నది మాత్రం నిజం. మూడు వారాల రేసులో మూడో వారం వయసు చూపిస్తుంది. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో జరిగే అలాంటి మూడు రేసులను గ్రాండ్ టూర్లు అంటారు. వాల్వెర్డే ఆ మూడింటిలో ఒక్కటే గెలిచాడు, అదీ 29 ఏళ్ల వయసులో, 2009లో స్పెయిన్ రేసు వుయెల్టా ఎ ఎస్పాన్యా. అయినా 36వ ఏట, 2016లో, ఒకే సీజన్‌లో మూడు గ్రాండ్ టూర్లూ తొక్కి గిరో డి ఇటాలియాలో మూడో స్థానం, టూర్ డి ఫ్రాన్స్‌లో ఆరో స్థానం, వుయెల్టాలో పన్నెండో స్థానం తెచ్చుకున్నాడు. వరుసలో తగ్గుదలను చూడండి. మూడు, ఆరు, పన్నెండు. కోలుకునే శక్తి ఎలా కరుగుతుందో ఆ మూడు అంకెలే చెబుతాయి.

ఉయ్ గోడ

బెల్జియంలో ఉయ్ అనే చిన్న పట్టణం ఉంది. మ్యూజ్ నది ఒడ్డు నుంచి కొండపైకి ఒక ఇరుకు దారి లేస్తుంది. పొడవు 1.3 కిలోమీటర్లు, సగటు వాలు దాదాపు పది శాతం. దారి పొడవునా చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు, రోడ్డు మీద పెద్ద అక్షరాలతో మళ్లీ మళ్లీ రాసిన ఆ ఊరి పేరు. మధ్యలో ఆంగ్ల అక్షరం ఎస్ ఆకారంలో ఒక మెలిక. ఆ మెలిక లోపలి అంచున వాలు 20 శాతానికి పైమాటే. ఏటా ఏప్రిల్‌లో జరిగే ఫ్లెష్ వలోన్ రేసు ఈ గోడ పైన ముగుస్తుంది. వాల్వెర్డే దాన్ని 2006లో ఒకసారి, తర్వాత 2014 నుంచి 2017 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచాడు. అంటే 25వ ఏట ఒకటి, మిగతా నాలుగూ 33కీ 36కీ మధ్య. పురుషుల్లో ఇన్నిసార్లు గెలిచినవారు మరొకరు లేరు. మహిళల రేసులో నెదర్లాండ్స్‌కు చెందిన అన్నా ఫాన్ డెర్ బ్రెఖెన్ ఏడుసార్లు, అదీ వరుసగా, గెలిచిందని ఇక్కడే చెప్పాలి. ఆ రికార్డుకు దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

ఆ నాలుగు గెలుపుల వీడియోలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ అప్పజెబుతున్నట్టు ఉంటుంది. అడుగున గుంపు వేగంగా గోడను తాకుతుంది. ఉత్సాహవంతులు ముందుకు దూకుతారు. వాల్వెర్డే నాలుగో ఐదో స్థానంలో కూర్చునే ఉంటాడు, భుజాలు కదలవు. మెలిక వస్తుంది. అక్కడ ఎవడో ఒకడు తట్టుకోలేక దాడి చేస్తాడు, పది మీటర్లు ముందుకు పోతాడు. చూసేవాడికి అయిపోయిందనిపిస్తుంది. వాల్వెర్డే వెంటపడడు. అంత నిటారు వాలులో దాడి చేసినవాడి కాళ్లలో ఆమ్లం నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో తెలిసినవాడిలా తన వేగాన్ని అలాగే పట్టుకుని ఎక్కుతాడు. మెలిక దాటాక వాలు కాస్త మెత్తబడుతుంది. ముందున్నవాడి భుజాలు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. చివరి 150, 200 మీటర్లలో వాల్వెర్డే జీనుపై నుంచి లేస్తాడు. అంతవరకూ దాచిన ఒకే ఒక్క దెబ్బ అక్కడ పడుతుంది.

పాతికేళ్ల వాల్వెర్డే అయితే మెలికలోనే దాడి చేసి ఉండేవాడేమో. చిన్నప్పుడు స్థానిక పోటీల్లో ఓటమి ఎరగనివాడని పేరు తెచ్చుకుని, 2002లో కెల్మే జట్టులో వృత్తి జీవితం మొదలుపెట్టి, మరుసటి ఏడాదే వుయెల్టాలో రెండు స్టేజీలు, అంటే రెండు రోజుల పోటీలు, గెలిచి మూడో స్థానంలో నిలిచినవాడు. 2005లో టూర్ డి ఫ్రాన్స్‌లో కూర్షవెల్ కొండ మీద లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ముగింపు పరుగులో దాటినవాడు. అలాంటి ప్రతిభ ఉన్నవాడు దుబారాకు అలవాటు పడతాడు. ఆ దుబారాను వదులుకోవడమే మొదటి మలుపు.

నాయకుడు సేవకుడయ్యే రోజు

2013 టూర్ డి ఫ్రాన్స్. పదమూడో స్టేజి ఉదయానికి వాల్వెర్డే మొత్తం మీద రెండో స్థానంలో ఉన్నాడు. ఆ రోజు దారంతా చదును, పక్కగాలి. ఆయన చక్రం దెబ్బతింది. మార్చుకునేలోపే గాలికి గుంపు ముక్కలైంది. జట్టు సభ్యులు వెనక్కి వచ్చి ఎంత లాగినా ముందున్నవారిని అందుకోలేకపోయారు. ముగింపు గీత దగ్గర దాదాపు పది నిమిషాలు పోయాయి. టూర్ కలలు ఆ మధ్యాహ్నంతో ముగిశాయి.

మరుసటి రోజు నుంచి అదే జట్టులోని 23 ఏళ్ల కొలంబియా కుర్రవాడు నైరో కింతానా నాయకుడు. వాల్వెర్డే అతనికి సాయంగా తొక్కాడు. కింతానా రెండో స్థానంలో పారిస్ చేరాడు. రెండేళ్ల తర్వాత 2015లో కింతానా మళ్లీ రెండో స్థానం, వాల్వెర్డే మూడో స్థానం. 35 ఏళ్ల వయసులో టూర్ వేదికపై ఆయన నిలబడింది అదే మొదటిసారి, అదే చివరిసారి. నాయకత్వ భారం పంచుకున్నాకే ఆ మెట్టు దక్కడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

ఈ మార్పు కాగితం మీద తేలిక. నిజానికి చాలామంది గొప్ప రైడర్ల కెరీర్లు ఇక్కడే ఆగిపోతాయి. నిన్నటిదాకా తన కోసం నీళ్ల సీసాలు మోసినవారి పక్కన తానే సీసాలు మోయడానికి మనసు ఒప్పుకోదు. వాల్వెర్డే కూడా ప్రతిసారీ సాధువులా ప్రవర్తించాడని చెప్పను. అదే 2013 ఫ్లోరెన్స్ ప్రపంచ పోటీలో తోటి స్పెయిన్ రైడర్ హోకీమ్ రోద్రిగెజ్ ముందుండగా, పోర్చుగల్‌కు చెందిన రుయి కోస్టా వెంటపడితే వాల్వెర్డే అతన్ని అంటిపెట్టుకోలేకపోయాడు. కోస్టా గెలిచాడు, రోద్రిగెజ్ రెండో స్థానంలో ఆగిపోయాడు, వాల్వెర్డేకు కాంస్యం. మామూలు రోజుల్లో కోస్టా జీతం తీసుకునేది వాల్వెర్డే జట్టులోనే. స్పెయిన్ అభిమానులు ఆ రోజును తేలిగ్గా మరిచిపోలేదు. జట్టు వేరు, దేశం వేరు అయిన ఈ క్రీడలో విధేయత ఎప్పుడూ రెండు కళ్లేల గుర్రమే.

పాత తరంలోనూ ఇలాంటివారున్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన యూప్ జూటెమెల్క్ 16 సార్లు టూర్ మొదలుపెట్టి 16 సార్లూ పూర్తి చేశాడు. ఆరుసార్లు రెండో స్థానం, 1980లో ఒకే ఒక్క గెలుపు. 1985లో 38 ఏళ్ల తొమ్మిది నెలల వయసులో ప్రపంచ విజేత అయ్యాడు. చివరి కిలోమీటర్లలో ఆయన నెమ్మదిగా జారుకుంటుంటే వెనకున్న యువ దిగ్గజాలు ఎవరు వెంటపడాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలివాడని చులకన చేశారు, ఆ చులకనే ఆయనకు బంగారు పతకమైంది. ఫ్రాన్స్ ఆరాధించిన రేమండ్ పూలిడోర్ 40 ఏళ్ల వయసులో, 1976లో, టూర్‌లో మూడో స్థానం సాధించాడు. మొత్తం మీద ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ మాత్రం జీవితంలో ఒక్క రోజూ వేసుకోలేదు.

పద్దెనిమిదో నంబరు సంచి

ఇప్పుడు దాటవేయనన్న విషయం. 2006 మేలో స్పెయిన్ సివిల్ గార్డు పోలీసులు మాడ్రిడ్‌లో డాక్టర్ ఎవుఫెమియానో ఫుయెంటెస్ కార్యకలాపాలపై దాడులు చేసి క్రీడాకారులు మళ్లీ ఎక్కించుకోవడానికి దాచిన రెండు వందలకు పైగా రక్తపు సంచులు స్వాధీనం చేసుకున్నారు. ఆపరేషన్ పుయెర్తో అని ఆ దర్యాప్తుకు పేరు. ఫుయెంటెస్ అంతకు ముందు కెల్మే జట్టుకు డాక్టరు. సంచుల మీద పేర్లు లేవు, సంకేతాలున్నాయి. పద్దెనిమిదో నంబరు సంచి వాల్వెర్డేదని అనుమానం. అప్పట్లో స్పెయిన్ చట్టంలో డోపింగ్ దానికదే నేరం కాదు. కాబట్టి స్వదేశంలో ఏళ్ల తరబడి ఏమీ తేలలేదు.

ముడి విప్పింది ఇటలీ. 2008 టూర్ కొద్దిసేపు ఇటలీ భూభాగంలోకి వెళ్లినప్పుడు అక్కడి అధికారులు వాల్వెర్డే రక్త నమూనా తీసుకున్నారు. తర్వాత మాడ్రిడ్ దాడుల్లో దొరికిన సంచితో డీఎన్‌ఏ పోల్చి చూశారు. సరిపోయింది. 2009 మేలో ఇటలీ ఒలింపిక్ కమిటీ తమ దేశంలో రెండేళ్ల పాటు ఆయన పోటీ చేయకుండా నిషేధించింది. ఆ ఏడాది టూర్ దారి కూడా ఇటలీ గుండా పోయింది కాబట్టి ఆయన టూర్‌కు వెళ్లలేకపోయాడు. నిషేధం స్పెయిన్‌లో వర్తించదు కాబట్టి అదే ఏడాది వుయెల్టా తొక్కి గెలిచాడు. ఒకే రక్తం, ఒకే మనిషి, సరిహద్దుకు ఇటువైపు దోషి, అటువైపు విజేత. చివరకు 2010 మే నెలాఖరున క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ ఏడాది జనవరి 1 నుంచి లెక్కించి ప్రపంచవ్యాప్తంగా రెండేళ్ల నిషేధం విధించింది. 2010లో గెలిచినవి పోయాయి. అంతకు ముందువి, 2009 వుయెల్టాతో సహా, అలాగే ఉన్నాయి.

ఈ అధ్యాయంతో పాఠకుడు ఏం చేయాలి? రెండు సులువైన దారులున్నాయి, రెండూ నాకు నచ్చవు. మొదటిది, అప్పట్లో అందరూ చేశారు కదా అని కొట్టిపారేయడం. అందరూ చేయలేదు. చేయనివారు ఒప్పందాలు కోల్పోయి, ఎవరికీ తెలియని పేర్లతో ఇంటికి వెళ్లారు. ప్రతి దీర్ఘ కెరీర్ వెనకా అలా చిన్నబోయిన కెరీర్లు కొన్ని ఉంటాయి. రెండోది, ఒక్క సంచితో ఇరవై ఏళ్లనూ కొట్టేయడం. 2012 జనవరిలో ఆస్ట్రేలియాలో తిరిగి వచ్చీ రాగానే ఒక స్టేజి గెలిచిన దగ్గర నుంచి 2022 దాకా ఆయన తొక్కింది జీవ పాస్‌పోర్టు కాలంలో. రైడర్ రక్తాన్ని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, అందులోని తేడాలను గమనించే పద్ధతి అది, 2008లో వచ్చింది. అది నిర్దోషిత్వానికి రుజువు కాదు. కానీ పదేళ్ల పాటు ఆ నిఘా కింద ఉన్నవాడి ఫలితాలను అంతకు ముందు ఫలితాలతో ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. నా మటుకు నేను 2009 వుయెల్టా గురించి రాసేటప్పుడు ఆ సంచి సంగతి అదే పేరాలో రాస్తాను. ఇన్స్‌బ్రుక్ గురించి రాసేటప్పుడు నిషేధం జరిగిందన్న విషయం దాచను. ఆయన పేరును ఇలా రాయడమే న్యాయమని నమ్ముతాను.

పడి లేచే లెక్క

2017 జులై 1. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో టూర్ మొదటి రోజు, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్, వాన. ఒక మలుపులో వాల్వెర్డే చక్రం జారింది. జారుతూ పోయి బారికేడ్లను ఢీకొన్నాడు. మోకాలి చిప్ప విరిగింది, చీలమండలోని ఎముక కూడా విరిగింది. అంతకు ముందు ఏప్రిల్‌లోనే ఉయ్ గోడ ఐదోసారి, బెల్జియంలోనే జరిగే మరో రేసు లీయేజ్–బాస్టోన్–లీయేజ్ నాలుగోసారి గెలిచిన మనిషి. 37 ఏళ్లు. పెడల్ తొక్కే పనికి మోకాలి చిప్ప కన్నా కీలకమైన ఎముక లేదు. ఇక అయిపోయిందనుకున్నవారిలో నేనూ ఒకణ్ని.

మరుసటి ఏడు ఫిబ్రవరిలోనే వాలెన్సియా, అబుదాబి రేసులు గెలిచాడు. మార్చిలో కాటలోన్యా. సెప్టెంబరులో ఇన్స్‌బ్రుక్.

ఇలాంటి పునరాగమనాన్ని పట్టుదల అనే ఒక్క మాటతో సరిపెడతారు. నిజానికి ఇక్కడ పని చేసేది చాలా మామూలు విషయం. ఇరవై ఏళ్ల సాధనతో కట్టిన ఓర్పు మూడు నాలుగు నెలల విరామంలో పూర్తిగా పోదు. పునాది మిగులుతుంది, పైకప్పు వేసుకుంటే చాలు. ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ హేమన్ కథ దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2016 ఫిబ్రవరిలో చేతి ఎముక విరిగింది. బయటికి వెళ్లే వీలు లేక ఇంట్లోనే స్థిరమైన సైకిల్‌పై తొక్కాడు. ఆరు వారాల తర్వాత రాళ్లు పరిచిన దారుల రేసు పారిస్–రూబేలో, 37 ఏళ్ల వయసులో, పదిహేనో ప్రయత్నంలో గెలిచాడు. ఐదో గెలుపు కోసం వచ్చిన టామ్ బోనెన్‌ను, రేసు ముగిసే సైకిల్ ట్రాక్ మైదానంలో, ముగింపు పరుగులో ఓడించాడు. అంతవరకూ హేమన్ జీవితమంతా ఇతరుల కోసం తొక్కినవాడు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆన్నెమీక్ ఫాన్ ఫ్లూటెన్ 2022లో మోచేయి విరిగిన కొద్ది రోజులకే, నలభైకి చేరువలో, ప్రపంచ రోడ్డు రేసు గెలిచింది. ఆమె రేసింగ్‌లోకి వచ్చిందే ఆలస్యంగా. ఆమె కాళ్లకు నలభై ఏళ్లున్నా, పోటీ అలసట అంత పాతది కాదు.

అదృష్టం పాత్ర కూడా ఒప్పుకోవాలి. ఇటలీకి చెందిన డవీడే రెబెల్లిన్ 51 ఏళ్ల దాకా వృత్తి రేసుల్లో తొక్కాడు. ఉయ్ గోడను మూడుసార్లు గెలిచినవాడు, డోపింగ్ వల్ల ఒలింపిక్ పతకం పోగొట్టుకున్నవాడు కూడా. 2022 అక్టోబరులో విరమించాడు. నవంబరు 30న ఊరికే సైకిల్ తొక్కుతుండగా లారీ గుద్ది చనిపోయాడు. మూడు దశాబ్దాల రేసుల్లో ఎన్నిసార్లు పడి లేచాడో. ఈ వార్త చదివిన రోజు నాకు ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

డ్యుమూలన్ ఎందుకు వెళ్లిపోయాడు

2021 జనవరిలో డ్యుమూలన్ జీతం లేని సెలవు తీసుకుని శిక్షణ శిబిరం నుంచి ఇంటికి వెళ్లిపోయాడు. తనకు ఏం కావాలో తనకే తెలియని స్థితికి చేరానని అతను దాపరికం లేకుండా చెప్పాడు. తిరిగి వచ్చి అదే ఏడాది టోక్యోలో ఒలింపిక్ రజతం గెలిచాడు. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఆగిపోయాడు. ఈసారి శాశ్వతంగా.

దీన్ని బలహీనత అనేవారితో నేను ఏకీభవించను. ఇప్పటి వృత్తి సైక్లింగ్ మనిషిని గ్రాముల్లో, వాట్లలో, నిద్ర గంటల్లో కొలుస్తుంది. భోజనం తూకం వేసి తినాలి, నెలల తరబడి ఎత్తైన ప్రదేశాల్లో శిబిరాలు, ఏటా ముప్పై వేల కిలోమీటర్ల వరకు సాధన. వాల్వెర్డే ఈ క్రీడలోకి వచ్చినప్పుడు ఇంత కొలత లేదు. పాత కాలపు అలవాటుతో ఆయన రేసులనే సాధనగా చేసుకున్నాడు. ఫిబ్రవరిలోపే మొదలుపెట్టి అక్టోబరు దాకా ఏదో ఒక గీత దగ్గర చేతులెత్తడానికి చూసేవాడు. గెలవడం ఆయనకు అలసట తీర్చే పని. ఇప్పుడు పంతొమ్మిదేళ్లకే నిపుణుల మధ్య పెరిగి, 21వ ఏట టూర్ గెలిచే తరం వచ్చింది. వాళ్లు నలభై దాకా ఉంటారా అన్నది కాళ్లను చూసి చెప్పగలిగే సంగతి కాదు.

2005 నుంచి చివరిదాకా వాల్వెర్డే ఒకే జట్టు నిర్వాహకుడు ఎవుసెబియో ఉన్జుయే నీడలో ఉన్నాడు. స్పాన్సర్ పేర్లు మారాయి, మనుషులు మారలేదు. ఏ కోచ్ ఏ మాట ఎందుకు అంటున్నాడో తెలిసిన చోట మనిషి తక్కువ అలసిపోతాడు. ఇందులో జట్టు స్వార్థమూ ఉంది. మూడేళ్ల పాయింట్ల మొత్తాన్ని బట్టి అగ్రశ్రేణి లైసెన్సు ఇచ్చే పద్ధతిని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తెచ్చింది. 2022లో వాల్వెర్డే జట్టు మోవిస్టార్ ఆ శ్రేణి నుంచి జారిపోయే ప్రమాదంలో పడింది. అప్పుడు గెలవకపోయినా ప్రతి రేసులో నాలుగో స్థానమో ఆరో స్థానమో తెచ్చే మనిషి విలువ హఠాత్తుగా పెరిగింది. ఆ వసంతంలో వాల్వెర్డే ఇటలీలోని మట్టిదారుల రేసు స్ట్రాదే బియాంకేలో రెండో స్థానం, ఉయ్ గోడ మీద రెండో స్థానం తెచ్చాడు. 42వ పుట్టినరోజుకు ఇంకా కొద్ది రోజులుంది. పాయింట్ల లెక్కలో ఆయన ఇంకా అక్కరకొచ్చే ఉద్యోగి.

చివరి రోడ్డు రేసుగా ఆయన ఎంచుకున్నది 2022 అక్టోబరు 8 నాటి ఇల్ లొంబార్దియా. ఆ ఏడు బెర్గామో నుంచి కోమో సరస్సు ఒడ్డు దాకా సాగిన ఆకురాలు కాలపు రేసు. 2013, 2014, 2019లలో మూడుసార్లు రెండో స్థానం వచ్చి, ఎప్పుడూ చేతికందని రేసు కూడా అదే. ఆ రోజు గెలిచింది టడే పొగాచార్. 2002లో వాల్వెర్డే వృత్తి రేసుల్లోకి వచ్చేనాటికి పొగాచార్‌కు మూడేళ్లు. రెండో స్థానం మోవిస్టార్‌లోని తోటి రైడర్ ఎన్రిక్ మాస్‌ది. కాస్త వెనకగా వచ్చిన చిన్న గుంపులో వాల్వెర్డే ఆరో స్థానంలో గీత దాటాడు.